తాడు మీద గుడ్డ, బోర్డు మీద మాట

ఉప్పాడ
విరోధి సంవత్సరం, శ్రావణ బహుళ తదియ

చిరంజీవి అల్లుడు భీమరాజుకు, మేనమామ సత్తియ్య దీవించి రాసింది. ఎవరిచేతా రాయించింది కాదు.

నా చేతిరాత చూసి నవ్వకు. ఇసుక మీద పీతలు నడిచినట్టు ఉంటుందని నాకు తెలుసు. తప్పులు కూడా ఉంటాయి, క్షమించు. వీధిబడిలో గుణింతాల దాకా వచ్చేసరికి, వల దగ్గర చెయ్యి తక్కువైందని మా నాన్న లాక్కుపోయాడు. ఒత్తులన్నీ పంతులుగారి దగ్గరే ఉండిపోయాయి. పైగా ఈమధ్య కలం వేళ్ళ మధ్య నిలవడం లేదు. ఒత్తు ఎక్కడ లేకపోతే అక్కడ నువ్వే పెట్టుకుని చదువుకో.

మీ అమ్మకు పన్నునొప్పి తగ్గింది. పన్ను ఊడిపోయింది కాబట్టి.

సముద్రం ఈ వానలకు ఇంకో వరస కొబ్బరిచెట్లు తీసుకుంది. పక్క పేటలో పల్లంరాజు అని ఒకతని ఇల్లు కూడా పోయింది. భార్యతో వచ్చి మన పేట చివర పాక వేసుకున్నాడు. వల లాగే తాడు మీద అతనికి చోటు లేదు కాబట్టి వల ఒడ్డుకు చేరేటప్పుడు చివర నిలబడి చెయ్యి వేస్తాడు. ఇచ్చిన గుప్పెడు చేపలు పట్టుకుపోతాడు. ఎవరితోనూ మాట్లాడడు. నాలాంటివాడే.

నీ ఉత్తరం అందింది. మనీలాలో నువ్వు తాళ్ళు పేనే చోట, దొరల ఇంగ్లీషు మాటలకు ఎదురుగా కూలీల స్పానిషు మాటలు రాసి బోర్డు తయారు చెయ్యమన్నారని రాశావు. కాకినాడ బడిలో నాలుగేళ్ళ చదువు అంతదూరం పనికొచ్చిందంటే సంతోషం. నలభై మాటల్లో ముప్పైతొమ్మిది కుదిరాయని, హోల్డు అనే మాట దగ్గర ఆగిపోయావని, మన భాషలో దాన్ని ఏమంటామో చెబితే అక్కడినుంచి స్పానిషులోకి దారి దొరుకుతుందని అడిగావు. కాకినాడ వెళ్ళినప్పుడు ఓడల గుమాస్తాను అడిగాను. ఆయన పిడికిలి బిగించి చూపించాడు. అయితే పట్టుకోవడం. అంతే. దీనికి రెండు కాగితాల ఉత్తరం దేనికి?

అరటినారతో ఓడను కట్టే తాడు పేనుతారంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. మేం దానితో పూలదండలు కడతాం.

ఒక పని ఉంది. తాడు మీద నీ చోట కట్టిన గుడ్డ చివికిపోతోంది. నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, మూడేళ్ళు దూరంగా ఉన్నవాడికి మరుపు వస్తుంది. ఓడ ఎక్కినవాడి గుడ్డ తాడు మీద ఉన్నంతకాలం చోటు వాడిదే. గుడ్డ ఊడిపోయిననాడు చోటూ పోతుంది. చోటు ఉంటేనే మీ అమ్మ గంపలో చేపల వాటా పడుతుంది. ఇప్పటిదాకా నీ గుడ్డ పక్కన నిలబడి నీ వంతు కూడా నేనే లాగుతున్నాను. ఒక తలగుడ్డ పంపు. నువ్వు కట్టుకున్నదే కావాలి. కొత్తది పనికిరాదు.

ఇంతకన్న ఏం రాయాలో తెలియడం లేదు.

సత్తియ్య

—

మనీలా
1889 సెప్టెంబరు 28

మావయ్యగారికి భీమరాజు నమస్కారాలు.

మీ పీతలు సముద్రం దాటి క్షేమంగా చేరాయండి. ఒక్కటి కూడా దారి తప్పలేదు. ఒత్తులు నేనే పెట్టుకున్నాను, ఇక్కడ నాకు చాలా మిగిలిపోయి ఉన్నాయి.

మీరు చెప్పింది నమ్ముకుని హోల్డుకు ఎదురుగా అగర్రార్ అని సుద్దతో రాశాను. అంటే స్పానిషులో చేత్తో గట్టిగా పట్టుకోవడం. మర్నాడు పొద్దున్న దొర, చక్కెర బస్తాలు హోల్డు అని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఓడ కడుపులో సరుకు వేసే చోటును కూడా వాళ్ళు హోల్డే అంటారట. మా మేస్త్రీ పేద్రో బోర్డు చూసి కూలీలకు కేకేశాడు. ఇరవైమంది తలా ఒక బస్తాను కావలించుకుని రేవులో నిలబడ్డారు. ఎంతసేపని? దొర కాఫీ తాగి, చుట్ట కాల్చి, బయటికి వచ్చేదాకా. వచ్చి, ఇక్కడ ఎవరి పెళ్ళి జరుగుతోందని అడిగాడు.

మధ్యాహ్నం తాడుతో పీపా దించుతుంటే చెయ్యెత్తి మళ్ళీ హోల్డు అన్నాడు. ఈసారి ఆగమని. వాళ్ళు తాడును ఇంకా గట్టిగా పట్టి లాగారు, పీపా పోయి నీళ్ళలో పడింది. సాయంత్రం ఈ కొట్టు ఎన్ని తాడుచుట్టలు హోల్డు చేస్తుందని నన్నడిగాడు, అంటే ఎన్ని పడతాయని. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడానికి కూడా వాళ్ళకు ఆ మాటే ఉందటండి.

నవ్వుకునే సంగతే గాని, నాకు దీనిమీద చాలా ఆధారపడి ఉంది. క్రిస్మసులోగా బోర్డు సరిగ్గా తయారైతే నన్ను దుబాసిగా వేస్తారు. వాళ్ళ మాట వీళ్ళకు, వీళ్ళ మాట వాళ్ళకు చెప్పే పని, నీడపట్టున. లేదా మళ్ళీ తాళ్ళు పేనడమే. దొర మాత్రం ఒక మాటకు ఎదురుగా ఒక మాటే ఉండాలంటాడు.

మావయ్యా, వల లాగేటప్పుడు చిట్టియ్య తాత ఏమని కేకేస్తాడు? ఆయన మాటల్లో పట్టుకోవడం ఎన్ని రకాలుగా వస్తుందో విని రాయండి. పదేళ్ళు ఆ కేకలకు లాగాను గాని ఇప్పుడు ఒక్కటీ నోటికి రావడం లేదు. చేతులకే గుర్తున్నాయి.

ఇక్కడి చెట్టు అరటిలాగే ఉంటుంది, పండు తినలేం. ఆ నారతో పేనిన తాడు మాత్రం ఉప్పునీళ్ళలో ఏళ్ళు నానినా చివకదు. ఈసారి ఎవరైనా నమ్మకపోతే నా మీద ఒట్టు వెయ్యండి.

మీరడిగిన తలగుడ్డ కాకినాడ ఏసురాజు చేత పంపుతున్నాను, అతని ఓడ అటే వస్తోంది. ఈ పొద్దున దాకా తలకు చుట్టుకున్నదే. చెమట వాసన వేస్తే అది నాదేనని రుజువు అనుకోండి. గుడ్డ సంగతి అమ్మకు మీరు చెప్పే ఉంటారు.

జవాబు కోసం రోజూ టపా ఓడ జెండా చూస్తుంటాను.

భీమరాజు

—

ఉప్పాడ
విరోధి సంవత్సరం, కార్తీక బహుళ ఏకాదశి

చిరంజీవి భీమరాజుకు సత్తియ్య దీవెనలు.

నువ్వు బతికే ఉన్నావని తెలియజేస్తున్నాను. ఇక్కడ మూడు రోజులపాటు లేవు.

అమ్మకు చెప్పే ఉంటారని రాశావు. చెప్పలేదు. చెబుదామని రోజూ పొద్దున్నే అనుకునేవాణ్ణి. ఈలోగా వల పని వచ్చేది.

నేను కొబ్బరిపీచు తాడు తేవడానికి రామచంద్రపురం వైపు వెళ్ళిన రోజునే నీ మూట వచ్చింది. ఏసురాజు ఓడ కాకినాడలో ఆగింది ఒక్క పూటేనట. మూట చేపల బండివాడి చేతికిచ్చి అతను వెళ్ళిపోయాడు. బండివాడు దాన్ని మీ అమ్మ చేతిలో పెట్టి, మనీలా నుంచి అని ఒక్కమాట చెప్పి ఎడ్లను తోలుకుపోయాడు. ఆమె మూట విప్పింది. మడత పెట్టిన నీ తలగుడ్డ.

మీ నాన్న గుడ్డ ఎలా వచ్చిందో నీకు జ్ఞాపకం ఉండదు. అప్పటికి నువ్వు గోడ పట్టుకుని నడుస్తున్నావు. అలాగే మడిచి, అలాగే ఎవరో బండి మీద తెచ్చారు. మన ఒడ్డున మనిషి రాకుండా గుడ్డ ఇంటికి వస్తే దానర్థం ఎవరూ పైకి అనరు. అనక్కర్లేదు.

నేను తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. వాకిలి నిండా జనం. సంగతి తెలిసింది. ఆ గుడ్డ నేనే పంపమన్నానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. చెల్లెలి దుఃఖం చూడలేక అలా అంటున్నానని అనుకున్నారు. మీ అమ్మ నా వైపు చూసి ఇలా అంది.

"ఉప్పు కావాలన్నా చెయ్యి చూపిస్తావే గాని నోరు విప్పవు. అలాంటివాడివి, సముద్రాల అవతలి నుంచి గుడ్డ తెప్పించావా అన్నయ్యా?"

ఆమె అన్నది నిజమే.

పోయినవాడి చోటు ఖాళీగా ఉంచితే వల చిరుగుతుందని పెద్దల మాట కదా. వల పెద్ద చిట్టియ్య మర్నాడే నీ పాత గుడ్డ పీలికలు విప్పించి, ఆ చోటు పల్లంరాజుకు ఇచ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి అని ఉండవలసింది.

మూడోరోజు నీకు చిన్నదినం. వంట అయింది. విస్తళ్ళు వేశారు. అప్పుడు టపా మనిషి నీ ఉత్తరం తెచ్చాడు. సెప్టెంబరులో రాసిన ఉత్తరం, ఏయే ఊళ్ళు చూసుకుని వచ్చిందో. గుడ్డ పంపుతున్నానన్న ముక్క చూపించాను గాని చదవడం వచ్చినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. చిట్టియ్య చదివి వినిపించమన్నాడు. నలభైమంది ఉన్నారు. అంతమంది ముందు నేనెప్పుడూ నోరు తెరవలేదు. లోగొంతుకతో మొదలుపెట్టాను. ఆయన గట్టిగా చదవమన్నాడు. గట్టిగా చదివాను.

బస్తాలు కావలించుకున్న చోటికి వచ్చేసరికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పీపా నీళ్ళలో పడేసరికి మీ అమ్మే నవ్వింది. చిట్టియ్య మాత్రం నవ్వకుండా చివరిదాకా విని తీర్పు చెప్పాడు.

"చచ్చినవాడికి ఇంత వాగుడు ఉండదు. వీడు బతికే ఉన్నాడు."

ఆ వంట పారెయ్యలేం కదా. నీ చిన్నదినం భోజనం అందరం రెండేసి మార్లు వడ్డించుకుని తిన్నాం. మీ అమ్మ ఆ తరవాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు గాని, అది ఎవరూ గమనించలేదు.

నీ చోటు నీకు తిరిగి వచ్చింది. కొత్త గుడ్డ కట్టాను. పల్లంరాజు తన చేతులు తుడుచుకుని వెనక్కి వెళ్ళి, మునుపటిలాగే చివర నిలబడ్డాడు. అది చూశాను. ప్రస్తుతానికి దాని గురించి ఇంతే.

కేకలు అడిగావు. నాలుగు రోజులు శ్రద్ధగా విన్నాను. ముందు నేను చెప్పింది తప్పు. చిట్టియ్య మాటను ఒంటరిగా పంపడు. ముందు మనిషిని పిలుస్తాడు. తరవాత ఆ మనిషి చేతిలో ఉన్నదాన్ని. పని చివర్న. ఉత్తరపు జట్టూ, తాడు, బిగబట్టు అంటాడు. దక్షిణపు జట్టూ, అల వస్తోంది, ఓర్చుకో అంటాడు. పిల్లలూ, వల అంచు, వదలొద్దు అంటాడు. అందరూ, ఆగండి అంటాడు. అన్నీ చెయ్యి బిగించే పనులే, కాని ఏ ఒక్క కేకా ఇంకోదానిలా ఉండదు. మీ దొర వీటన్నిటికీ ఒకే మాట అంటాడంటే, ఆయన ఎప్పుడూ వల లాగలేదన్నమాట.

అందుచేత మాటకు ఎదురుగా మాట రాయకు. చేతిలో ఏముందో రాసి, దానికెదురుగా రాయి. తాడైతే ఇది, బస్తా అయితే ఇది, ఓడ కడుపైతే ఇది. ఒంటి మనిషి వల లాగలేడు. ఒంటి మాట కూడా అంతే.

బోర్డు చాలకపోతే కింద ఇంకో చెక్క కొట్టు. అంత పెద్ద చోట మేకులు ఉండవా?

సత్తియ్య

—

మనీలా
1889 డిసెంబరు 28

మావయ్యగారికి నమస్కారాలు.

నా చిన్నదినానికి ఏం వండారో రాయలేదు మీరు. అమ్మ పాదాలకు నా దణ్ణాలు చెప్పండి. ఈసారి నిజంగా చెప్పండి, పొద్దున్నే అనుకుని ఊరుకోకండి. మీ ఉత్తరం చదివి నవ్వాను, మళ్ళీ చదివితే నవ్వు రాలేదు. నాన్న గుడ్డ అలా వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదండి. తెలిస్తే గుడ్డతోపాటు నాలుగు ముక్కలు రాసి మూటలో పెట్టేవాణ్ణి.

మీ సలహా క్రిస్మసు పండుగకు నాలుగు రోజుల ముందు చేరింది. మేకులు ఉన్నాయి. చెక్క కొట్టాను. హోల్డుకు ఆరు వరసలు పడ్డాయి. ఒక్కో వరస ముందు చిన్న బొమ్మ వేశాను, చదువు రానివాళ్ళకు కూడా తెలిసేటట్టు. తాడు బొమ్మకు అగర్రా. జారిపోయే పెట్టెకు సుహెతా, అంటే కదలనివ్వకు. ఓడ కడుపుకు బొదేగా. ఎత్తిన అరచేతికి ఎస్పెరా, ఆగు. భుజం మీద బరువుకు అగ్వాంతా, ఓర్చుకో. కొట్టు గది బొమ్మకు కాబెన్, పడతాయి అని.

దొర మొదట ముఖం చిట్లించాడు. ఒక మాటకు ఆరు వరసలేమిటి, ఇది బోర్డా, వంశవృక్షమా అన్నాడు. అప్పుడు పేద్రో కలగజేసుకుని, అయ్యా, ఆ బస్తాలు మోసింది మేం అని మాత్రం అన్నాడు. దొర కాసేపు బొమ్మలు చూసి తలూపాడు.

ఇక నుంచి కేకెయ్యడానికి ముందు మనిషి పేరు, తరవాత వస్తువు పేరు చెప్పాలని నియమం పెట్టాం. వారం నుంచి నీళ్ళలో ఒక్క పీపా పడలేదు. చూస్తూ ఉండండి, మన ఉప్పాడ కేకలు స్పానిషు నేర్చుకున్నాయి.

నాకు దుబాసి పని ఇచ్చారు. మూడేళ్ళ ఒప్పందం. కాగితం నా పెట్టెలోనే ఉంది. మార్చి నెలాఖరులోగా సంతకం చెయ్యాలి.

ఇంకా చెయ్యలేదు. ఎందుకంటే, పల్లంరాజు సంగతి రాస్తూ రాస్తూ, ఇంతే అని ఆపేశారు మీరు. మీరు ఆపితే దాని వెనక ఏదో ఉంటుందని నాకు చిన్నప్పటినుంచి తెలుసు. మీకు నా మీద కోపం వచ్చింది. రాననీ చెప్పకుండా, రాకుండా, ఊరికే గుడ్డతో చోటు ఆపుకున్నాను. దానివల్ల మీరు అంతమంది ముందు నిలబడాల్సి వచ్చింది. నేను వచ్చి తాడు పట్టుకోవాలనే కదా మీ మనసులో ఉన్నది?

రమ్మంటే కాగితం చింపేసి వచ్చేస్తాను. వద్దంటే ఇంకో ఉపాయం ఉంది. ఇక్కడి నారతో నేసిన గుడ్డ ఒకటి తలకు చుట్టుకుంటున్నాను. ఉప్పుకు మూడేళ్ళయినా చివకదు. అది పంపితే మూడేళ్ళకూ ఒక్కటే సరిపోతుంది, మీకు మాటిమాటికీ శ్రమ ఉండదు.

రమ్మంటారా, ఉండమంటారా? ఒక్క మాట చాలు.

భీమరాజు

—

ఉప్పాడ
విరోధి సంవత్సరం, మాఘ పౌర్ణమి

చిరంజీవి భీమరాజుకు మేనమామ దీవెనలు.

ఒక్క మాట చాలన్నావు. ఒంటి మాట పంపకూడదని నీకు చెప్పినవాణ్ణి నేనే. అందుచేత నాలుగు ఎక్కువ రాస్తున్నాను. వేళ్ళు నొప్పి పుట్టి రెండు రోజులు రాశాను, సిరా రంగు మారిన చోట నిద్రపోయానని తెలుసుకో.

నాకు నీ మీద కోపం లేదు. మొదటి ఉత్తరంలో చేతిరాతకు క్షమించమన్నాను గాని అసలు సంగతి రాయలేదు. కుడిచేతికి మూడు వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆషాఢం నుంచి. తాడు మీద చెయ్యి వేసేవాణ్ణి, బలం లేదు. నీ వంతూ నా వంతూ కూడా మిగతావాళ్ళు లాగుతున్నారు. వాళ్ళకు తెలుసు. పైకి అనలేదు. నాకూ తెలుసు, నేనూ అనలేదు. అటువంటి నేను రెండు చోట్లు పట్టుకుని నిలబడితే, పల్లంరాజు రెండు చేతులూ ఉండి చివర నిలబడ్డాడు. అది చూసి ఆ ముక్క రాయడం ఆపాను. కోపం కాదు, సిగ్గు.

నీ ఉత్తరం చదివాక చిట్టియ్య దగ్గరకు వెళ్ళాను. వల ఆరేసి అందరూ కూర్చుని ఉన్నారు. నేను ఒక్కటే చెప్పాను.

"నా చోటు పల్లంరాజుకు ఇవ్వండి. నా అల్లుడి వంతు కూడా అతనే లాగుతాడు, గుడ్డ కూడా అతనే కడతాడు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సత్తియ్యా, ఈ మూడు నెలల్లో నువ్వు నోరు విప్పడం ఇది రెండోసారి. ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

గుడ్డ చుట్టాలే కట్టాలి కదా అని ఎవరో అడ్డం వచ్చారు. అది న్యాయమే. మీ అమ్మ గంప దించి, పల్లంరాజు వైపు తిరిగి, తమ్ముడూ, ఇంటికి వచ్చి గంజి తాగి వెళ్ళు అంది. అంతే, అయిపోయింది. నీకు ఇప్పుడు ఇద్దరు మేనమామలు. పల్లంరాజు నన్ను అడిగింది ఒక్కటే, ఏ ముడి వెయ్యాలండి అని. నీ ముడి నేర్పాను. నాకన్న బాగా వేస్తున్నాడు.

మీ అమ్మ గంపలో వాటా మునుపటిలాగే పడుతోంది. అందుకని ఆ సంగతి పెట్టుకోకు.

ఇంకోటి. చలికి చిట్టియ్య గొంతు పూర్తిగా పోయింది. వల దిగాక కేకెయ్యడానికి మనిషి లేడు. అంత ఉత్తరం చదివినవాడు కేకెయ్యలేడా అని అందరూ నా వైపు చూశారు. ఇప్పుడు ఆ పని నాది. ముందు మనిషి, తరవాత చేతిలో ఉన్నది, తరవాత పని. వల ఒడ్డుకు చేరేసరికి మొత్తం ఆరు రకాల మాటలు అవుతాయి. నాకు అవి చాలు. ఇంటికి వచ్చాక మాట్లాడకపోయినా, అలిసిపోయాడని ఊరుకుంటున్నారు.

కాబట్టి భీమరాజూ, కాగితం, సంతకం పెట్టు. చూశావా, చిట్టియ్యలాగే రాశాను.

చివకని గుడ్డ మాత్రం పంపకు. అది మోసం అని కాదు. నువ్వు మూడేళ్ళకు ఒకటి పంపితే మూడేళ్ళకు ఒకసారే రాస్తావు. మామూలు నూలు గుడ్డే కట్టుకో, ఏడాదికొకటి పంపు. ముందు ఉత్తరం, తరవాత గుడ్డ. ఈ వరస తప్పకు, మీ అమ్మకు మళ్ళీ వంట చేసే ఓపిక లేదు. ఆ రోజు వండింది చింతచిగురు వేసిన ఎండురొయ్యలు. బాగుంది.

ఆమె పక్కనే కూర్చుని ఇదంతా చదివించుకుని వింది. నీ దణ్ణాలు చెప్పాను. అందినట్టు రాయమంది.

జవాబు తొందరగా రాయి. ఇప్పటి గుడ్డకు అంచున అప్పుడే పోగులు ఊడుతున్నాయి.

సత్తియ్య